ఫిలిప్పైనులో ఇంటిపేర్ల ప్రభుత్వము

మన డెల్టా రైతులలో పెక్కుమంది ఫిలిప్పైను ద్వీపముల పేరు వినియే యుందురు. ఆ దేశమున లాస్ బాన్యోసు అను పట్టణమందలి అంతర్జాతీయ వరి పరిశోధనాలయమునుండి 1966వ సంవత్సరమున వెలువడిన ఐ.ఆర్. 8 అను వంగడము మన గోదావరి మాగాణులలో నాటుకొని, పొట్టి పైరు గట్టి పంట నీయగలదని చూపెను. లోకమునకు వరి వంగడము నిచ్చిన ఆ దేశముననే వరిని నాటిన చేయియు చెరకును నరికిన చేయియు తరతరములుగా పరుల భూమిని సాగుచేయుచు, ఆ భూస్వామి కుమారునకే ఓటు వేయుచు వచ్చినవి. ఈ రెండు సంగతులకును గల సంబంధమును పాఠకుల ముందుంచుటయే మా యుద్దేశము.

ఆ దేశమునకు రాజ్యాంగము గలదు. శాసనసభలు గలవు. నియమితకాలమున ఎన్నికలు జరుగుచున్నవి. పత్రికలు అధికారులను నిర్మొగమాటముగా విమర్శించుచున్నవి. 1987వ సంవత్సరపు రాజ్యాంగమున 2వ ప్రకరణము, 26వ నిబంధన, ప్రజాసేవకు ఎల్లవారికిని సమానావకాశము కల్పింపవలెననియు, రాజకీయ వంశములను శాసనము నిర్వచించిన రీతిని నిషేధింపవలెననియు స్పష్టముగా చెప్పుచున్నది. ఇంతకంటె ఏమి కావలయునని ఎవరైన నడుగవచ్చును. కాని ఆ నిర్వచనమును చేయవలసినది శాసనసభ. ఆ శాసనసభలో పీఠములనధిష్ఠించినవారు చాలవరకు ఆ వంశములవారే. 2010వ సంవత్సరమున నెన్నికైన ప్రతినిధులను పరిశీలించిన మనీలా విద్వాంసులు అందు నూటికి డెబ్బదిమంది వరకు రాజకీయ కుటుంబములకు చెందినవారేయని తేల్చిరి. 2025వ సంవత్సరము మే నెల ఎన్నికలు వచ్చువరకు, అనగా ముప్పదియెనిమిదేండ్లు గడచినను, ఆ నిర్వచన శాసనము పుట్టలేదు. 2016లో యువజన మండలుల ఎన్నికలకు మాత్రము అట్టి నిషేధమొకటి విధించిరి. పెద్దలు తమకు వలదనుకొన్న పథ్యమును పిల్లలకు పెట్టిరన్నమాట.

బంధుత్వమను కోట

ఈ స్థితికి మూలమేమి? ఫిలిప్పైనుల స్వభావమే యిట్టిదని కొందరు పాశ్చాత్యులు సులభముగా తీర్పు చెప్పుదురు. ఆ తీర్పును మేమంగీకరింపము. కుటుంబము నెడ భక్తి యే జాతికిని దోషము కాదు. ఆ దేశమున తండ్రివైపు చుట్టములును తల్లివైపు చుట్టములును సమానముగ నాత్మీయులు. ప్రతివాడును తన పేరున తల్లి పుట్టినింటిపేరును నిలుపుకొనును. దీనికితోడు క్రైస్తవ మతమువలన నింకొక బంధుత్వ మేర్పడినది. శిశువునకు జ్ఞానస్నానము చేయించునపుడు జ్ఞానతల్లిదండ్రులుగా నిలుచువారు ఆ శిశువునకేగాక దాని తల్లిదండ్రులకును ఆప్తబంధువులగుదురు. కౌలుదారు తన బిడ్డకు భూస్వామిని జ్ఞానపితగా నుండుమని వేడుకొనును. భూస్వామి యంగీకరించును. నాటినుండి జబ్బు చేసినపుడు మందునకును, పిల్లవాని చదువునకును, పోలీసు తగాదాలో సిఫారసునకును కౌలుదారు ఆ యింటి గడపయే త్రొక్కును.

వారి భాషలో ‘ఉతంగ్ న లోఓబ్’ అను మాట యొకటి గలదు. లోపలి ఋణమని దాని యర్థము. పైకముతో తీరు అప్పు వేరు, ఈ ఋణము వేరు. మనలో ఉప్పు తిన్న విశ్వాసమనెడి దానికి ఇది చాల దగ్గర. మేలు పొందినవాడు దానిని మరచుట సిగ్గుమాలినతనమని వారి భావన. ఇంతవరకు ఇది మనుష్యధర్మమే. అయితే ఆ ఋణము తీర్చుటకు పేదవానియొద్ద నున్న యాస్తి యేది? వానికి గల యాస్తి యెల్ల ఓటొక్కటే. ఎన్నికలు వచ్చినతోడనే ఇంటిమర్యాద రాజకీయ పెట్టుబడిగా మారినది. ఆసుపత్రియు పాఠశాలయు న్యాయస్థానమును పేదవానికి అందుబాటులో నున్నచో వానికి దొర వాకిలితో పనియేమి? ప్రభుత్వము లేని చోట కుటుంబము ప్రభుత్వమైనది. పిమ్మట ఆ కుటుంబమే ప్రభుత్వమును రానీయకుండ కాపు కాచినది.

స్పెయినువారు నాటిరి, అమెరికావారు నీరు పోసిరి

1565 మొదలు 1898 వరకు స్పెయిను దేశీయులా ద్వీపముల నేలిరి. పూర్వపు గ్రామనాయకులను వారు తొలగింపక, పన్ను వసూలు చేయు పెద్దలుగా నిలిపిరి. ఆ పెద్దల సంతతికి వెట్టి లేదు, పన్ను మినహాయింపు గలదు. పందొమ్మిదవ శతాబ్దమున పంచదార, కొబ్బరి, జనుపనార మొదలగు సరకులకు విదేశములలో గిరాకి పెరుగగా, ఈ కుటుంబములును, చీనా తండ్రులకు స్థానిక స్త్రీలయందు కలిగిన సంతతివారును విశేషముగ భూములు గడించిరి. వారి కుమారులు మనీలాలోను మాడ్రిడులోను చదివి విద్యావంతులైరి. 1896లో రేగిన విప్లవము సామాన్యుల నెత్తుటితో నడచినను, 1899లో మలోలోసున రాజ్యాంగము వ్రాసిన కలములు చాలవరకు ఈ విద్యావంతులవే.

1898 డిసెంబరులో స్పెయిను రెండుకోట్ల డాలర్లకు ఆ ద్వీపములను అమెరికాకు దఖలు పరచెను. స్వతంత్రమును ప్రకటించుకొన్న ప్రజలను తుపాకితో నణచిన పిమ్మట అమెరికావారు ప్రజాస్వామ్యము నేర్పెదమనిరి. 1907లో మొదటి శాసనసభకు ఎన్నికలు జరిపిరి. ఓటు హక్కు ఆస్తిగల పురుషులకును, స్పానిషుగాని ఇంగ్లీషుగాని చదువ వ్రాయ నేర్చిన పురుషులకును, పూర్వము అధికారము చేసిన పురుషులకును మాత్రమే. జనసంఖ్యలో నూటికి ఇద్దరైనను ఓటువేసినవారు లేరు. ఆ సభకు అధ్యక్షుడైన సెర్హియో ఒస్మేన్యాకు ఇరువదితొమ్మిదేండ్లు. అధికపక్షనాయకుడు మాన్యుయెల్ కేసోను. ఇరువురును మునుపు మండలముల గవర్నర్లుగా నుండి, స్థానిక పెద్దకుటుంబముల కూటమిని చేతబట్టి మనీలా చేరినవారే. నలువదేండ్ల వరకు ఫిలిప్పైను రాజకీయములు ఈ యిద్దరి చుట్టును తిరిగినవి.

క్రైస్తవ సన్న్యాసి మఠముల యధీనమునందుండిన సుమారు నాలుగులక్షల యెకరములను 1903లో అమెరికా ప్రభుత్వము డెబ్బదిలక్షల డాలర్లకు మించిన వెలయిచ్చి కొనెను. సాగుచేయువారికి వానిని పంచుట ప్రకటిత లక్ష్యము. వెల చెల్లింపగలిగినవాడెవడు? ఆ భూములలో పెక్కుభాగము ధనవంతుల చేతులలోనికే పోయినది. భూమియు ఓటును ఏకకాలముననే యొక్క వర్గమువారి వశమైనవి. పరిపాలనోద్యోగులు గట్టిపడకమునుపే ఎన్నికలు వచ్చుటచే, ఉద్యోగులు ఎన్నికైనవారి యింటిమనుష్యులైరి. ఈ దోషమునకు ఫిలిప్పైనుల రక్తము కారణమనుట కంటె, కట్టడమునకు పునాది వేసిన విధానము కారణమనుట న్యాయము.

పక్షములు మారును, వంశములు మారవు

1946 జూలై 4వ తేదీన ఆ దేశము స్వతంత్రమాయెను. నేషనలిస్టు పక్షము, లిబరలు పక్షము అని రెండు పక్షము లేర్పడినవి. వాని కార్యక్రమములలో భేదము వెదకి చూచినను కనబడదు. మాగ్సాయ్‌సాయ్ లిబరలు పక్షమునుండి మరలి 1953లో నేషనలిస్టుగా నధ్యక్షుడాయెను. ఫెర్డినాండ్ మార్కోసు అదే మార్గమును త్రొక్కి 1965లో నధ్యక్షుడాయెను. ప్రతి మండలమునందును రెండు పెద్దకుటుంబములు చిరకాల వైరముతో నుండును. ఒకటి యొక పక్షమున జేరగా రెండవది రెండవ పక్షమున జేరును. పక్షమును విడుచుట యచ్చట నపకీర్తి కాదు. కుటుంబమును విడుచుటయే యపకీర్తి. 1946లో కౌలుదార్ల యుద్యమ బలముచే మధ్య లూజానునుండి ఎన్నికైన ఆరుగురు ప్రతినిధులను మాత్రము సభలో కూర్చుండనీయలేదు. వారు వేరొక కుటుంబమువారు కారు. వేరొక వర్గమువారు. అదియే వారి యపరాధము.

ఈ వైరములెంత తీవ్రములో మార్కోసు చరిత్రమే చెప్పును. 1935లో అతని తండ్రి మరియానో మార్కోసును ఇలోకోసు నోర్తెలో నోడించిన నలుందసాను అను నాతడు ఎన్నికైన కొలదిదినములకే రాత్రివేళ తన యింట తుపాకిగుండునకు బలియయ్యెను. న్యాయశాస్త్ర విద్యార్థియైన యువక మార్కోసును క్రింది న్యాయస్థానము దోషిగా నిర్ణయించెను. 1940లో అత్యున్నత న్యాయస్థానము నిర్దోషియని విడుదల చేసెను.

అధ్యక్షుడైన పిమ్మట అతనికి కుడిభుజమై ఉపాధ్యక్షపదవి వహించినవాడు ఇలోయిలో మండలపు పంచదార ప్రభువులగు లోపెజ్ వంశమునకు చెందిన ఫెర్నాండో లోపెజ్. ఆయన యన్న యుజేనియో చేతిలో మనీలా విద్యుత్కంపెనీయు, గొప్ప దినపత్రికయు, రేడియో టెలివిజను కేంద్రములును ఉండెను. 1971లో రెండు కుటుంబములకు చెడినది. 1972 సెప్టెంబరులో సైనికశాసనము విధింపబడగానే లోపెజుల కేంద్రములు మూయబడినవి. విద్యుత్కంపెనీ మార్కోసు భార్య ఇమెల్డాయొక్క సోదరునికి సంబంధించిన సంస్థ చేజిక్కినది. యుజేనియో కుమారుడు చెరలో మ్రగ్గి, 1977లో తప్పించుకొని అమెరికా చేరెను. పాత కుటుంబముల యధికారమును తుదముట్టించెదనని మార్కోసు ప్రకటించెను. చేసినదేమి? ఇమెల్డా మనీలా మహానగరమునకు గవర్నరయ్యెను. ఆమె సోదరుడు లెయితె మండలమునకు గవర్నరును రాయబారియు నయ్యెను. కొడుకు 1983లో ఇలోకోసు నోర్తె గవర్నరయ్యెను. పెక్కుకుటుంబముల పెత్తనమునకు బదులు ఒక్క కుటుంబము పెత్తనము వచ్చినది. అంతియే.

లూయిసితా పాఠము

1983 ఆగస్టు 21వ తేదీన ప్రతిపక్షనాయకుడు బెనిగ్నో అకీనో మనీలా విమానాశ్రయమున హతుడయ్యెను. 1986 ఫిబ్రవరిలో లక్షలాది ప్రజలు వీధులలో నిలిచి, ఆయుధము పట్టకయే మార్కోసును వెడలగొట్టిరి. హతుని భార్య కొరాజోను అకీనో అధ్యక్షురాలయ్యెను. ఇది ఆసియాఖండ చరిత్రమున నుజ్జ్వలమైన ఘట్టము. ఆమె వ్యక్తిగత ధైర్యమును సచ్ఛీలమును మేము శంకింపము. అయినను ఆమె పుట్టినిల్లు కోహువాంగ్‌కో వంశము. టార్లాకు మండలమున ఆరువేల హెక్టార్లకు మించిన లూయిసితా చెరకుతోట వారిది. 1957, 58 సంవత్సరముల ప్రాంతమున స్పెయిను కంపెనీనుండి దానిని కొనుటకు ప్రభుత్వసంస్థల సాయముతో అప్పు లభించెను. పదియేండ్లలో భూమిని చిన్నరైతులకు పంచవలెనన్నది అప్పటి షరతు. పదియేండ్లు కాదు, ముప్పదియేండ్లు గడచినను పంచలేదు.

1987 జనవరి 22వ తేదీన భూమి కావలెనని అధ్యక్షభవనమువైపు నడచిన రైతులపై మెండియోలా వంతెనయొద్ద కాల్పులు జరిగి పదుముగ్గురు మరణించిరి. 1988లో భూసంస్కరణ శాసనము వచ్చెను. అందు భూమికి బదులు కంపెనీ వాటాలు పంచవచ్చునను సందు నొకదానిని శాసనసభ యుంచెను. ఆ సభలో భూస్వాముల ప్రాబల్యము లోకవిదితము. 1989లో లూయిసితా ఆ సందుగుండ దూరినది. కూలీలు కాగితముమీద యజమానులైరి, తోటలో కూలీలుగానే యుండిరి. 2004 నవంబరు 16వ తేదీన సమ్మెచేయుచున్నవారిపై కాల్పులు జరిగి ఏడుగురు ప్రాణములు గోల్పోయిరి. తుదకు 2011లో అత్యున్నత న్యాయస్థానము దాదాపు 4,900 హెక్టార్లను ఆరువేలకు పైబడిన కూలీలకు పంచవలెనని తీర్పు చెప్పెను. అపుడు అధ్యక్షపీఠమున నున్నవాడు కొరాజోను కుమారుడు, మూడవ బెనిగ్నో అకీనో.

ఇందు గమనింపవలసిన విశేషమింకొకటి గలదు. కొరాజోను పినతండ్రి పెదతండ్రి సంతతిలోని యెడ్వర్డో కోహువాంగ్‌కో మార్కోసునకు పరమాప్తుడు. 1986లో అతనితోడనే దేశము విడిచిపోయి, పిమ్మట తిరిగివచ్చి 1992లో అధ్యక్షపదవికి పోటీచేసెను. ఒక్క యింటి జ్ఞాతులు ఒకరు నియంత పక్షమునను, ఒకరు ప్రజాపక్షమునను నిలిచిరి. ఎవరు గెలిచినను ఆ యింటిపేరు ఓడిపోలేదు.

ఓటు తుపాకిగా మారినపుడు

ఈ వంశవైరముల పరాకాష్ఠ మిండనావు ద్వీపమందలి మగిందనావు మండలమున కనబడినది. అచ్చట అంపతువాను కుటుంబము చిరకాలము అధికారము నెరపెను. మనీలాలోని పాలకులకు ఓట్లు కూడబెట్టి యిచ్చుటయు, అందులకు ప్రతిఫలముగా సాయుధబలమును నిలుపుకొనుటయు వారి పద్ధతి. మంగుదదాతు కుటుంబమువాడొకడు గవర్నరు పదవికి పోటీచేయనెంచెను. స్త్రీలను హింసింపరను నమ్మకముతో తన భార్యను, తోబుట్టువులను, పత్రికావిలేకరులను వెంటనిచ్చి నామినేషను పత్రమును పంపెను. 2009 నవంబరు 23వ తేదీన దారిలో వారినాపి యేబదియెనమండ్రుగురను చంపిరి. వారిలో ముప్పదియిద్దరు పత్రికలవారు. 2019 డిసెంబరులో ప్రధాన నిందితులకు శిక్షపడినది. పత్రికారచన వృత్తిగాగల మేము ఈ సంఖ్యను వ్రాయునపుడు కలము తడబడక మానదు.

ప్రతినిధిసభ సభ్యులకును స్థానికాధికారులకును వరుసగ మూడు పర్యాయములకు మించి యొకే పదవి కూడదని 1987 రాజ్యాంగము నిర్ణయించినది. తలచిన దొకటి, జరిగిన దింకొకటి. తండ్రి గడువు తీరగానే భార్యయో కుమారుడో ఆ కుర్చీని కాపాడుట, తండ్రి వేరొక పదవికి జరుగుట, మూడేండ్లకు మరల తిరిగివచ్చుట ఆచారమైనది. మునుపు కుటుంబమున కొక్కడు చాలినచోట ఇపుడు నలుగురు కావలసివచ్చిరి.

2022లో మార్కోసు కుమారుడు మూడుకోట్ల పదిలక్షలకు మించిన ఓట్లతో అధ్యక్షుడును, మునుపటి అధ్యక్షుడైన దుతెర్తె కుమార్తె సారా ఉపాధ్యక్షురాలును అయిరి. ఉత్తరమున ఇలోకోసు, దక్షిణమున దవావు, రెండు కుటుంబములు కలిసెనని ఊరేగిరి. మూడేండ్లు గడువకముందే 2025 ఫిబ్రవరిలో ప్రతినిధిసభ సారాపై అభిశంసన తీర్మానము చేసెను. జూలైలో న్యాయస్థానము దానిని రాజ్యాంగవిరుద్ధమని త్రోసివైచెను. మార్చిలో ఆమె తండ్రిని పట్టి హేగు నగరమందలి అంతర్జాతీయ నేరవిచారణ న్యాయస్థానమునకు పంపిరి. మే నెలలో ఆ తండ్రియే చెరలోనుండి దవావు మేయరుగా నెన్నికయ్యెను. మాదకద్రవ్యముల యుద్ధమను పేర చంపబడిన వేలాది పేదల విషయమున న్యాయము జరుగవలసినదే. కాని ఆ న్యాయముకూడ కుటుంబముల సంధి చెడినపుడే కదలినదనుట విచారకరము.

ఆక్షేపణలకు సమాధానము

ప్రజలే వారి నెన్నుకొనుచుండగా మధ్య మీకేల యని యడుగువారు గలరు. ఎన్నిక యనగా నేరుకొనుట. ఏరుకొనుటకు ఇరువురు జ్ఞాతులో ఇరువురు వియ్యంకులో మాత్రమే యున్నచోట ఏరుకొనునదేమి? పెద్దకుటుంబములలో యోగ్యులు లేరాయని యింకొక యాక్షేపణ. ఉన్నారు. నాగా పట్టణమున 1988లో మేయరైన జెస్సీ రొబ్రెదో మండల గవర్నరునకు బంధువై, ఆయన యండతోనే గెలిచెను. పిమ్మట ఆయనతో విడిపోయి, పురపాలకపు లెక్కలను ప్రజల యెదుట పరచి, వారిని సభలలో భాగస్వాములను జేసి, 2000లో మాగ్సాయ్‌సాయ్ బహుమానమును పొందెను. 2019లో పాసిగు నగరమున ఇరువదియేడేండ్ల కుటుంబ పాలనను ఓడించిన యువకుడు వీకో సోట్టోయు గొప్పయింటివాడే. వీరు మెప్పు పొందినది ఇంటిపేరువలన కాదు, ఇంటిపేరును లెక్కచేయక పనిచేయుటవలన. వంశము నిచ్చిన పదవిని ప్రజలకు ఒప్పగించుటకు ఒక్కొక్కరు పూనుకొందురు. కాని ఒక్కొక్కరి ధర్మబుద్ధిపై దేశమును నిలుపరాదు.

నిర్వచన శాసనము కావలెను. అదొక్కటియే చాలదు. చెరకుతోటలోని కూలీ తన మడికి తాను యజమాని కావలెను. మందునకును చదువునకును దొర వాకిట నిలువనక్కరలేని స్థితి రావలెను. అపుడు లోపలి ఋణము లోపలనే యుండి మనుష్యులను కలుపును, ఓటుపెట్టెవద్దకు రాదు. ఆ పనికి పూనుకొనవలసినవారు 1986లో వీధులలో నిలిచిన ఆ ప్రజలే. నియంతను వెడలగొట్టుటకు నాలుగుదినములు చాలినవి. భూస్వామి గడపనుండి కౌలుదారును లేవదీయుటకు మాత్రము తరములు చాలకున్నవి. మొదటి దానిని చేసిన జాతి రెండవదానిని చేయజాలదని మేము నమ్మము.